శ్లాబు లోపలి చువ్వకు తుప్పెలా పడుతుంది?

పిల్లలూ! మీ బడి వరండాలో నిలబడి ఒకసారి తల పైకెత్తి చూడండి. శ్లాబు అడుగున గాని, దూలం పొడవునా గాని గోధుమరంగు చారలేమైనా కనిపిస్తున్నాయా? ఆ చార వెంటే సన్నని పగులు కూడా ఉందా? ఉంటే అది వాన నీటి మరక అనుకోకండి. కంటికి కనబడని చోట, కాంక్రీటు లోపల, ఒక ఇనుప చువ్వ తుప్పు పడుతున్నదని దాని అర్థం.

కొన్నేళ్ళ క్రితం నేను సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ఊళ్ళో పనిచేసేవాణ్ణి. ఒక సోమవారం ఉదయం తొమ్మిదో తరగతి గది తాళం తీసేసరికి మూడో వరుస బల్ల మీద శ్లాబు పెచ్చు ఒకటి పడి ఉంది. రాత్రి ఊడిపడింది కాబట్టి సరిపోయింది. ఆ బల్ల మీద రోజూ ముగ్గురు పిల్లలు కూర్చునేవారు. కాటా మీద పెట్టి చూస్తే నాలుగు కిలోల పైచిలుకు తూగింది. తిరగేసి చూస్తే చువ్వ అచ్చు పొడుగాటి గాడిలా పడి ఉంది, గాడి నిండా ఎర్రటి పొడి. స్కేలు పెట్టి కొలిచాను. గాడి దగ్గర ఆ పెచ్చు మందం 11 మిల్లీమీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజను, నీరు రెండూ కావాలని మీరు చదువుకున్నారు. కాంక్రీటు రాయిలాగా గట్టిగా ఉంటుంది కదా, దాని లోపలికి ఇవెలా వెళ్ళాయి? నిజానికి కాంక్రీటు రాయి కాదు. అది గట్టిపడిన స్పంజి లాంటిది. కంటికి కనబడని సన్నని రంధ్రాలు దాని నిండా ఉంటాయి. ఆ రంధ్రాల్లో కొంత నీరు, కొంత గాలి ఎప్పుడూ ఉంటాయి. అయితే అసలు ప్రశ్న తిరగబడుతుంది. నీరూ గాలీ మొదటి రోజు నుంచీ ఉంటే, చువ్వ మొదటి సంవత్సరమే ఎందుకు తుప్పు పట్టలేదు?

దీనికి జవాబు మీరే కనుక్కోవచ్చు. మూత ఉన్న మూడు గాజు సీసాలు, నాలుగు అంగుళాల మేకులు మూడు తెచ్చుకోండి. మేకులను గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్దండి. మొదటి సీసాలో మామూలు నీళ్ళు పోయండి. తాంబూలంలోకి వాడే సున్నం కొంచెం నీళ్ళలో కలిపి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైన తేరిన సున్నపు తేటను రెండో సీసాలో పోయండి. మూడో సీసాలో అదే సున్నపు తేట పోసి, రెండు చెంచాల ఉప్పు కలపండి. (సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త. పని అయ్యాక చేతులు కడుక్కోండి.) ఒక్కొక్క మేకు వేసి మూతలు బిగించండి. రెండు వారాలు పోయాక చూస్తే మామూలు నీళ్ళలోని మేకు చుట్టూ ఎర్రని మడ్డి చేరి ఉంటుంది. సున్నపు తేటలోని మేకు మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఉప్పు కలిపిన సీసాలోని మేకు అంతా పాడవదు, కాని అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా తుప్పు మొదలవుతుంది.

శ్లాబులో జరిగే కథంతా ఈ మూడు సీసాల్లో ఉంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు, అంటే తడిసిన సున్నమే, తయారవుతుంది. అందువల్ల కాంక్రీటు రంధ్రాల్లోని నీరు గాఢమైన క్షారం. దాని పి.హెచ్. విలువ 12.5 నుంచి 13.5 దాకా ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుము పైన ఒక పొర ఏర్పడుతుంది. అదీ ఇనుప ఆక్సైడే, కాని తుప్పులాగా పొడిపొడిగా రాలేది కాదు. ఎంతో పలచగా, ఎడం లేకుండా, చువ్వను అంటిపెట్టుకొని ఉంటుంది. ఎక్కడైనా గీత పడితే తనంతట తానే పూడుకుంటుంది. అంటే కాంక్రీటు చువ్వను కాపాడేది గట్టిదనంతో కాదు, క్షారగుణంతో.

ఇనుము, కాంక్రీటు ఎందుకు జతకట్టాయో కూడా ఇక్కడ చెప్పాలి. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. లాగితే మాత్రం అందులో పదో వంతు బలాన్నైనా తట్టుకోవడం కష్టం. లాగుడును ఇనుము తట్టుకుంటుంది. ఎండకు రెండూ ఇంచుమించు ఒకే కొలతలో వ్యాకోచిస్తాయి కాబట్టి ఒకదానినుంచి ఒకటి విడిపోవు. ఈ జతను మొదట వాడుకలోకి తెచ్చినవారిలో జోసెఫ్ మోనియే ఒకరు. ఆయన ఇంజనీరు కాదు, ఫ్రాన్సు దేశపు తోటమాలి. పూలతొట్లు పగిలిపోకుండా సిమెంటులో ఇనుప వల పెట్టి పోసి, 1867లో పేటెంటు తీసుకున్నాడు.

ఇక శత్రువుల సంగతి. వీళ్ళు ఇద్దరు.

మొదటిది గాలిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే తెల్లగా మారడం మీరు ప్రయోగశాలలో చూశారు. సున్నం, బొగ్గుపులుసు వాయువు కలిసి కాల్షియం కార్బొనేటు, అంటే సుద్ద, తయారవుతుంది. శ్లాబు అడుగున కూడా ఇదే చర్య, కాకపోతే అతి మెల్లగా. బయటి చర్మం నుంచి లోపలికి మిల్లీమీటరు మిల్లీమీటరుగా సున్నం సుద్ద అవుతూ పోతుంది. సుద్దగా మారిన చోట పి.హెచ్. 9 కంటె దిగువకు పడిపోతుంది. ఆ హద్దు చువ్వను చేరిన రోజున దాని పైనున్న కాపుపొర చెదిరిపోతుంది.

రెండవది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు అయాన్లు క్షారాన్ని తగ్గించవు. అవి మరో దారిన వస్తాయి. రంధ్రాల వెంట లోపలికి చేరి, కాపుపొరను అక్కడక్కడా పొడిచి చిల్లులు చేస్తాయి. మూడో సీసాలోని మచ్చలు అవే. ఒక్క చోట లోతుగా తినేయడం దీని పద్ధతి కాబట్టి, నన్నడిగితే ఇద్దరిలోనూ ఇదే ప్రమాదకరం.

కోనసీమ పటం ఒకసారి చూడండి. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. సముద్రానికి దూరంగా ఉన్న కొత్తపేట వైపు శ్లాబుకు ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువుతోనే పోరు. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళేకొద్దీ గాలిలో ఉప్పు పెరుగుతుంది. అలలు విరిగినప్పుడు లేచే తుంపర ఎండి, సన్నని ఉప్పు నలుసులుగా గాలిలో కొట్టుకొచ్చి గోడలకు, శ్లాబులకు అంటుకుంటుంది. సైకిలు ఊచలు అమలాపురంలో కంటె అక్కడ త్వరగా తుప్పు పట్టేది ఇందుకే. గాలి తెచ్చే ఉప్పు చాలదన్నట్లు కొన్నిచోట్ల మనమే ఉప్పు కలుపుతాం. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా వాటితోనే కాంక్రీటు కలపడం, దగ్గరలో దొరికిందని సముద్రపు ఇసుక వేయడం ఇలాంటివే. అలా కట్టిన శ్లాబుకు శత్రువు బయటినుంచి రానక్కరలేదు, పుట్టుకతోనే లోపల ఉంటాడు. నీటిని పరీక్షించడం చాలా తేలిక. పరీక్షనాళికలో కొంచెం నీరు తీసుకొని, రెండు చుక్కలు నత్రికామ్లం, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేటు ద్రావణం మీ మాస్టారి చేత వేయించండి. పెరుగులాంటి తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడు ఎక్కువగా ఉన్నట్లు. చువ్వలున్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతున్నది.

పొర చెదిరాక ఏం జరుగుతుంది? ఒకే చువ్వ మీద చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. పొర పోయిన చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా కరుగుతుంది. అది ఆనోడు. ఆ ఎలక్ట్రాన్లు చువ్వ వెంటే ప్రయాణించి, పొర ఇంకా బాగున్న చోటికి పోయి, అక్కడి ఆక్సిజనుతోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సిలు అయాన్లను తయారుచేస్తాయి. అది కాథోడు. రంధ్రాల్లోని తడి విద్యుద్విశ్లేష్యం. టార్చిలైటు బ్యాటరీలో జరిగేదీ ఈ రకం పనే. కరిగిన ఇనుము చివరకు తుప్పుగా మారుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు నడుమ ఆ చోటు ఎక్కడుంది? అందుకే తోస్తుంది. లాగుడుకు తట్టుకోలేని కాంక్రీటు చువ్వ వెంట పగులుతుంది. పగులు గుండా ఇంకా నీరు, ఇంకా ఉప్పు దిగుతాయి. ఆఖరికి పెచ్చు ఊడుతుంది. కొబ్బరికాయను కొనేముందు వేలితో కొట్టి వింటాం కదా! మేస్త్రి కర్రతో శ్లాబును అలాగే కొట్టి వింటాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోట పెచ్చు విడిపోయి ఉన్నట్లే.

నష్టం పెచ్చుతో ఆగదు. 12 మిల్లీమీటర్ల చువ్వను చుట్టూ ఒక్క మిల్లీమీటరు తుప్పు తిన్నదనుకోండి. మిగిలింది 10 మిల్లీమీటర్లు. వైశాల్యాల లెక్క వేయండి: 144లో 100 వంతులే మిగిలాయి. ఒక్క మిల్లీమీటరుకు చువ్వ బలంలో 30 శాతం పోయింది! గోవాలో మాండవి నది మీది వంతెన కట్టి ఇరవై ఏళ్ళు నిండకుండానే 1986 జూలై 5న కూలిపోయింది. దాని కాంక్రీటు లోపల బిగించి ఉంచిన ఉక్కు తీగలు తుప్పుకు తెగడమే కారణమని తేల్చారు.

మన తీరంలో ఈ లెక్కకు ఇంకొక అర్థం ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, కోస్తా పొడవునా తుఫాను ఆశ్రయాలు కట్టారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన కోనసీమ మీదికే వచ్చింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. అలాంటి రాత్రి ఊరంతా తలదాచుకునేది ఆ కాంక్రీటు మేడ కిందనే. దాని చిక్కేమిటో చూడండి. అది సముద్రానికి దగ్గరగానే ఉండాలి, అంటే ఉప్పుగాలి ఎక్కువ ఉన్నచోటనే. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటుంది కాబట్టి పగుళ్ళను పట్టించుకునేవారుండరు. తీరా దాని బలం అవసరమయ్యేది ఒక్క రాత్రికి. తొలినాళ్ళలో కట్టిన ఆశ్రయాల్లో చాలావాటికి పెచ్చులూడి, చువ్వలు బయటపడి, అవి పనికిరాకుండా పోయాయి.

మా బడి గదికి తిరిగి వద్దాం. అప్పట్లో మరమ్మతు అంటే ఏం చేశారనుకున్నారు? ఊడిన చోట సిమెంటు మెత్తి, సున్నం కొట్టారు. చూడడానికి బాగానే ఉంది. రెండు వానకాలాలు గడిచేసరికి మెత్తిన చోట కాదు, దాని పక్కనే, జానెడు దూరంలో, కొత్త పెచ్చు ఊడింది. "మేం వేసింది గట్టిగానే ఉందండి మాస్టారూ, చూడండి!" అన్నాడు మేస్త్రి. ఆయన మాట నిజమే. జరిగిందేమిటంటే, తుప్పు పడుతున్నంత కాలం ఆ పాత చోటు ఆనోడుగా ఉండి, పక్కవాటికి ఎలక్ట్రాన్లనిచ్చి కాపాడుతున్నది. కొత్త సిమెంటు పడగానే అక్కడ క్షారం వచ్చి తుప్పు ఆగింది. ఇప్పుడు ఉప్పు నిండిన పక్క చోటుకు కాపలా పోయింది. అది ఆనోడయింది. అందుకే సరైన మరమ్మతులో ఊడినంత మేర కాక, ఉప్పు పట్టిన కాంక్రీటునంతా, చువ్వ వెనక భాగం కూడా, చెక్కి తీసేయాలి. చువ్వను మెరిసేదాకా రుద్ది, తుప్పును అడ్డుకునే పూత పూసి, అప్పుడు కొత్త కాంక్రీటు వేయాలి.

తనను తాను బలిచ్చుకొని పక్కవారిని కాపాడే ఈ గుణాన్నే మనుషులు కావాలని వాడుకున్నారు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిషు నౌకల రాగి తొడుగు సముద్రపు నీటిలో తినిపోకుండా జింకు, ఇనుప ముక్కలు తగిలించి చూశాడు. రాగి భద్రంగా నిలిచింది. కాని రాగి కరగకపోవడంతో దాని విషం నీటిలోకి రాక, నాచూ గుల్లలూ ఓడ అడుగున దట్టంగా పెరిగాయట! ఓడల మాట ఎలా ఉన్నా, కాంక్రీటుకు ఈ పద్ధతి పనికివచ్చింది. 1973లో కాలిఫోర్నియాలో ఒక వంతెన చువ్వలకు బయటినుంచి సన్నని విద్యుత్తు పంపి వాటిని కాథోడుగా మార్చారు. ఈనాడు మరమ్మతు చేసే చోట చువ్వకు చిన్న జింకు దిమ్మలు కట్టే పద్ధతి కూడా ఉంది.

చువ్వకే రక్షణ కవచం తొడిగే పద్ధతులూ ఉన్నాయి. జింకు పూసిన చువ్వలు వాటిలో ఒకటి. తమిళనాడు కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయం వారు తుప్పును నిరోధించే సిమెంటు ముద్దను చువ్వలకు పూసే విధానాన్ని రూపొందించారు. ఎపాక్సీ అనే ప్లాస్టిక్ పూత పూసిన చువ్వలను అమెరికాలో ఎంతో నమ్మకంతో వాడారు. ఫ్లోరిడా దీవుల వంతెనల్లో ఉప్పునీటి తుంపర తగిలే స్తంభాలలో పదేళ్ళయినా నిండకుండా అవి తుప్పు పట్టాయి. మోసేటప్పుడు, వంచేటప్పుడు పూత గీసుకుపోతే, ఆ గీత దగ్గరే తుప్పు చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు అన్నిటిలో మేలైనవి. మెక్సికోలో ప్రొగ్రెసో రేవు దగ్గర 1940 ప్రాంతంలో వాటితో కట్టిన పొడవాటి వారధి నేటికీ నిలిచి ఉంది. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త పాంబన్ రైలు వంతెనలోనూ వాటిని వాడారు. ధర మాత్రం మామూలు ఇంటివారికి అందేది కాదు.

మరి మామూలు ఇంటికి, ఊరి బడికి ఏది దిక్కు? చువ్వకూ బయటి గాలికీ నడుమ ఉండే కాంక్రీటు మందం. దీన్ని మేస్త్రులు కవరింగు అంటారు. బొగ్గుపులుసు వాయువు లోపలికి నడిచే తీరులో ఒక విశేషం ఉంది. మొదటి సంవత్సరం 3 మిల్లీమీటర్లు పోయిందంటే, రెండేళ్ళకు 6 పోదు. దానికి నాలుగేళ్ళు పడుతుంది. 9 మిల్లీమీటర్లకు తొమ్మిదేళ్ళు, 12కు పదహారేళ్ళు. అంటే లోతు కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఉప్పు ప్రయాణం కూడా ఇంచుమించు ఇదే తీరు. ఇప్పుడు మా పెచ్చు అంకె, 11 మిల్లీమీటర్లు, గుర్తు తెచ్చుకోండి. ఈ లెక్కన అక్కడ చువ్వకు రక్షణ పదమూడున్నర ఏళ్ళు. అదే కాంక్రీటు, అదే చువ్వ, కాని కవరింగు 22 మిల్లీమీటర్లు ఉండి ఉంటే? రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు: సుమారు 54 ఏళ్ళు. ఆ తేడాకు ఖర్చయ్యేది చిటికెన వేలి మందం కాంక్రీటు.

తీరప్రాంతపు గాలికి 45 మిల్లీమీటర్లు, సముద్రపు తుంపర నేరుగా తగిలే చోట 50, ఆటుపోట్ల నడుమ ఉండే స్తంభాలకు 75 మిల్లీమీటర్ల కవరింగు ఉండాలని 2000 నాటి ఐ.ఎస్. 456 నిర్ణయించింది. కాగితం మీది 45 శ్లాబులో 11 ఎలా అవుతుంది? సెంట్రింగు చెక్కల మీద చువ్వలు పరిచి, కింద సిమెంటు బిళ్ళలు పెట్టాలి. బిళ్ళలు దొరకలేదని కంకర రాళ్ళు పెడతారు. కాంక్రీటు గమేళాలు మోసేవారు వాటిమీదే నడుస్తారు. రాళ్ళు దొర్లిపోయి చువ్వ చెక్క మీద కూర్చుంటుంది. సాయంత్రానికి శ్లాబు నిండిపోతుంది, ఎవరికీ ఏమీ కనబడదు. బిళ్ళ ఒకటి ఒక్క టీ ఖరీదు కూడా చేయదు!

మందంతో పాటు ఆ కాంక్రీటు చిక్కదనమూ చూడాలి. తేలిగ్గా పరుచుకోవడానికి నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఎక్కువైన నీరు ఎండిపోయాక మిగిలేవి రంధ్రాలే. తీరప్రాంతంలో సిమెంటు బరువులో నీరు 0.45 వంతు దాటరాదు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, ఇసుకలోని తడితో కలిపి. పోశాక వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచకపోతే పైపొరే బోలుగా మిగులుతుంది. కవరింగు అంటే ఆ పైపొరే కదా! ఉక్కు కర్మాగారాల చిట్టెం పొడి కలిసిన స్లాగు సిమెంటు ఉప్పును బాగా అడ్డుకుంటుంది. సముద్రపు పక్కన కట్టేవారు దాన్ని అడిగి తీసుకోవచ్చు.

పి. గన్నవరం దగ్గర వైనతేయ మీద 1850లలో కట్టిన పాత అక్విడక్టును చూసినవారు, అది నూట యాభై ఏళ్ళు ఎలా నిలిచిందని నన్ను అడుగుతుంటారు. అది 49 కమానుల కట్టడం. కమానులో బరువంతా నొక్కుడుగానే దిగుతుంది, లాగుడు ఉండదు. కాబట్టి దానికి చువ్వ అక్కరలేదు. చువ్వ లేనిచోట తుప్పు ఎక్కడిది?

ఇక మీకొక పని. మీ ఊళ్ళో ఎక్కడైనా ఊడిపడిన పెచ్చు దొరికితే తెచ్చుకోండి. (మంచి శ్లాబుకు మాత్రం సుత్తి పెట్టకండి. వేలాడే పెచ్చు కింద నిలబడకండి.) దాన్ని కొత్తగా విరగ్గొట్టి, విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చుక్కలు వేయండి. క్షారం మిగిలిన భాగం గులాబి రంగుకు తిరుగుతుంది. సుద్దగా మారిన భాగం రంగు మారదు. రంగు మారని పొర మందం కొలిచి, దాన్ని ఆ భవనం వయసు వర్గమూలంతో భాగించండి. ఉదాహరణకు 16 ఏళ్ళ భవనంలో 8 మిల్లీమీటర్లు ఉంటే, 8ని 4తో భాగిస్తే 2. ఆ భవనంలో కవరింగు 20 మిల్లీమీటర్లు అయితే, 20ని 2తో భాగించగా 10, దాని వర్గం 100. అంటే బొగ్గుపులుసు వాయువు ఆ చువ్వను చేరేది నూరో ఏట. ఇప్పుడు మీ బడి వయసెంతో హెడ్మాస్టరు గారిని అడిగి, మీ లెక్క మీరు వేసి చూడండి. గులాబి రంగు అసలే రాకపోతే ఆ పెచ్చును అలాగే తీసుకెళ్ళి ఆయనకు చూపించండి.